మూలనున్న కెమెరా బాడీ ఇచ్చి లెన్స్ తీసుకోవచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు మార్పిడి బేరాల గురించే. డబ్బు చేతులు మారదు, వస్తువుకు వస్తువు. కెమెరాలు విప్పి బిగించే బల్ల ముందు కూర్చున్నవాణ్ణి కాబట్టి, ఇలాంటి బేరాలు ముగిశాక ఏ సంచిలోంచి ఏం బయటికొస్తుందో నాకు బాగా తెలుసు. ముగియకముందే వచ్చి అడిగేవాళ్లు మాత్రం తక్కువ. మొదటి ఉత్తరానికి తీరిగ్గా, మిగతావాటికి క్లుప్తంగా జవాబిస్తున్నాను.

ప్రశ్న: సార్, నేను పిల్లలకు డాన్స్ నేర్పుతాను. నా దగ్గర నికాన్ డి7200 ఉంది. మా అన్నయ్య తను వాడే డి750ని, దాంతోపాటు 24-120 ఎఫ్ 4 లెన్స్‌ని నాకిచ్చేశాక డి7200 బాడీ బీరువాలోనే ఉండిపోయింది. మా బావగారి స్నేహితుడొకాయన తన 85 ఎం.ఎం. ఎఫ్ 1.8 జి లెన్స్ ఇస్తాను, మీ డి7200 ఇచ్చేయండి, పైన ఎవరూ ఎవరికీ ఏమీ ఇచ్చుకోవద్దు అంటున్నారు. ఆయనకు పక్షుల ఫొటోలంటే ఇష్టం. నేను తీసేవి స్టేజీ మీద పిల్లల ప్రదర్శనలు, ఇంట్లో మనుషుల ఫొటోలు. తెలిసినవాళ్ల ద్వారా వచ్చిన బేరం కదా, లెన్స్ అటూ ఇటూ తిప్పి పరీక్షించాలంటే మొహమాటంగా ఉంది. ఇచ్చేయమంటారా?

జవాబు: ఇచ్చేయండమ్మా. మొహమాటం మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.

ఎందుకు ఇవ్వమంటున్నానో ముందు చెబుతాను. మీ 24-120 మంచి లెన్సే. కానీ దాని అపెర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఎంత తెరిచినా ఎఫ్ 4 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. ఎఫ్ 4 నుంచి ఎఫ్ 1.8కి వస్తే లోపలికొచ్చే వెలుతురు దాదాపు ఐదింతలవుతుంది. స్టేజీ మీద లైట్లు తగ్గించినప్పుడు ఇప్పుడు మీకు ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 6400 పెట్టినా షట్టర్ వేగం 1/100 సెకనే వస్తోందనుకోండి. అదే ఐఎస్ఓలో ఈ లెన్స్‌తో 1/500 వస్తుంది. 1/100లో పిల్ల ముఖం బాగానే వస్తుంది, చేతులూ కాళ్లూ చెదిరిపోతాయి. 1/500లో గాల్లోకి లేచిన పాదం కూడా చాలావరకు నిలుస్తుంది. మీరు తీసే ఫొటోలకు కావలసింది అదే. బీరువాలో ఉన్న రెండో బాడీ మీకు ఆ వెలుతురు తెచ్చిపెట్టదు.

ఆయన వైపు నుంచి చూసినా ఈ బేరం తెలివైనదే. డి7200 సెన్సర్ చిన్నది, కాబట్టి 300 ఎం.ఎం. లెన్స్ తగిలిస్తే పెద్ద సెన్సర్ మీద 450 చూపినంత దగ్గరగా పిట్ట కనిపిస్తుంది. ఆటోఫోకస్ పాయింట్లు రెండు బాడీల్లోనూ 51. మీ డి750లో అవి ఫ్రేము మధ్యలో గుంపుగా ఉంటాయి, డి7200లో ఫ్రేములో ఎక్కువ మేర పరుచుకుని ఉంటాయి. ఎగిరే పిట్టను వెంటాడేవాడికి అది చాలా సుఖం. ఎవరికి పనికొచ్చేది వాళ్ల దగ్గరికి చేరుతోంది. ఇలాంటి మార్పిడులు సాధారణంగా గొడవల్లోకి వెళ్లవు. ఇద్దరిలో ఒకరు వదిలించుకోవడానికి ఇచ్చినప్పుడే తంటా.

విలువ సంగతి. వాడిన డి7200 బాడీ ఒక్కటే ఎంతకు అమ్ముడవుతోందో, వాడిన ఆ లెన్స్ ఎంతకు అమ్ముడవుతోందో రెండూ ఒకే రోజు విచారించండి. అడుగుతున్న ధరలు కాదు, నిజంగా అమ్ముడైనవి. మీరు కొన్నప్పుడు ఎంత పెట్టారన్నది మరిచిపోండి. ఆ అంకె మనసులో ఉన్నంతకాలం ఎంత వచ్చినా తక్కువే అనిపిస్తుంది. కొంచెం తేడా ఉంటే పట్టించుకోకండి. ఎందుకంటే బాడీ, లెన్స్ ఒకే వేగంతో పాతబడవు. డి7200 వచ్చింది 2015లో. 2018లో నికాన్ జెడ్ అనే కొత్త మౌంట్‌తో (మౌంట్ అంటే బాడీకి లెన్స్ తగిలించే చోటు) మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరాల వైపు మళ్లింది, ఇలాంటి బాడీలకు గిరాకీ తగ్గుతూ వస్తోంది. బీరువాలో పెట్టినా ఆ తగ్గుదల ఆగదు. లెన్స్ అలా కాదు. మీకు వచ్చే 85లో ఫోకస్ మోటారు లెన్స్‌లోనే ఉంది కాబట్టి, రేపు మీరు జెడ్ బాడీ కొన్నా, ఇలాంటి పాత లెన్సులను దానికి కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఇవ్వొద్దంటాను. డబ్బు తీసుకుని ఎవరి కార్యక్రమానికైనా ఫొటోలు తీస్తుంటే ఆ డి7200ని కదపకండి. మధ్యలో డి750 మొరాయిస్తే సంచిలో ఉన్న 85 లెన్స్ మిమ్మల్ని గట్టెక్కించలేదు. రెండో బాడీయే గట్టెక్కించాలి. మీ పిల్లల ప్రదర్శనలు మీరే తీసుకుంటుంటే ఆ టెన్షన్ లేదు.

ఇంకో సంగతి, 85 మీకు నప్పుతుందో లేదో తెలుసుకోవడానికి దాన్ని చేతిలోకి తీసుకోనక్కర్లేదు. మీ 24-120ని 85 దగ్గర పెట్టి, జూమ్ రింగు కదలకుండా చిన్న టేపు అంటించి ఒక ప్రాక్టీసు మొత్తం తీయండి. డి750 మీద 85తో ఆరు మీటర్ల దూరం నుంచి అడ్డంగా తీస్తే రెండున్నర మీటర్ల వెడల్పు పడుతుంది. నిలువుగా తిప్పితే ఒక మనిషి తల నుంచి కాలిదాకా, చేతులు పైకెత్తినా, సరిపోతుంది. పది మీటర్ల నుంచి నాలుగు మీటర్లకు కాస్త పైన. బృందం మొత్తం కావాలంటే అప్పుడు 24-120 ఉండనే ఉంది. ఇంట్లో మూడు మీటర్ల నుంచి అడ్డంగా తీస్తే ఒక మనిషి నడుము పైభాగం వస్తుంది, అంతే. ఆ టేపుతో మీకు ఊపిరాడలేదంటే బేరం మానేయండి, లేదా 85 బదులు 50 ఇస్తారేమో అడగండి.

ఇక లెన్స్ పరీక్ష. దీనికి మీ డి750, మొబైల్ టార్చి, వీలైతే లాప్‌టాప్ తీసుకెళ్లండి. పగలు, కిటికీ ఉన్న గదిలో కూర్చోండి. మొహమాటం పోవడానికి నాకు తెలిసిన మార్గం ఒకటుంది: ముందు మీ కెమెరా ఆయన చేతిలో పెట్టి, "ఇది మీరు పూర్తిగా చూసుకోండి, తర్వాత మీ లెన్స్ నేను చూస్తాను" అనండి. ఆయన చూస్తుండగా మీరు ఊరికే కూర్చోరు కదా. ఇద్దరి చేతుల్లోనూ పని ఉంటే ఎవరికీ ఇబ్బందిగా అనిపించదు.

లెన్స్ మూతలు రెండూ తీసి వెనకవైపు చూడండి. లోహపు రింగుకు లోపల అంచున చిన్న మీట ఒకటి ఉంటుంది. కెమెరా మీద లేనప్పుడు ఈ రకం లెన్స్‌లో అపెర్చర్ రేకులు మూసుకుని, మధ్యలో సన్నని రంధ్రం మాత్రమే ఉంటుంది. వేలికొనతో మీటను పక్కకు జరపండి, రేకులు పూర్తిగా తెరుచుకుంటాయి. వదలండి. టక్కున మూసుకోవాలి. నిదానంగా, బద్ధకంగా మూసుకుంటే రేకులకు నూనె అంటిందన్నమాట. టార్చి వేస్తే ఆ రేకుల మీద తడి మెరుపు కనిపిస్తుంది. కెమెరా వ్యూఫైండర్‌లో చూసి దీన్ని పట్టుకోలేరు. ఎందుకంటే మీరు చూస్తున్నంతసేపూ లెన్స్ పూర్తిగా తెరిచే ఉంటుంది. బటన్ నొక్కిన క్షణంలోనే రేకులు మూసుకుంటాయి. ఆ క్షణంలో ఆలస్యమైతే ఎఫ్ 1.8 ఫొటో చక్కగా వస్తుంది, ఎఫ్ 8, ఎఫ్ 11 ఫొటోలు తెల్లగా వెలిసిపోతాయి. నా బల్ల మీదికి "కెమెరా మీటరు పాడైంది" అంటూ వచ్చేవాటిలో మీటరు తప్పేమీ లేకుండా ఈ రేకులే కారణమైనవి కొన్ని ఉంటాయి.

దీన్ని ఫొటోల్లో రుజువు చేసుకోవడం తేలిక. కెమెరాను బల్ల మీద కదలకుండా పెట్టి, "A" అని రాసి ఉన్న మోడ్‌లో (అపెర్చర్ మనం పెడితే మిగతాది కెమెరా చూసుకునేది) ఒకే గోడను ఎఫ్ 1.8, 4, 8, 16 దగ్గర తీయండి. నాలుగింటిలోనూ మధ్యభాగం ఒకే వెలుగులో ఉండాలి. ఎఫ్ 1.8లో మూలలు కొంచెం నల్లబడతాయి. అది ఈ తరహా లెన్సుల స్వభావం, లోపం కాదు.

తర్వాత టార్చిని వెనకనుంచి ఏటవాలుగా వేసి, ముందువైపు నుంచి చూడండి. నాలుగు దుమ్ము రేణువులు కనిపిస్తే కంగారుపడకండి. ఎంత కొత్త లెన్స్‌లోనైనా టార్చి వేస్తే దుమ్ము కనిపిస్తుంది, ఫొటోలో దాని జాడ ఉండదు. చూడాల్సింది రెండే. ఒకటి, సాలెగూడు దారాల్లా కొమ్మలు వేసే ఫంగస్. రెండు, అద్దమంతా పలచగా పరుచుకున్న తెల్లటి మసక. ఈ రెండిట్లో ఏది ఉన్నా ఆయన ఎంత మంచివారైనా సరే, "శుభ్రం చేయించాక మాట్లాడుకుందాం" అనండి. జనం ముందు అద్దం మీద చిన్న గీత చూసి పారిపోతారు, వెనక అద్దం వైపు చూడనే చూడరు. నిజానికి ముందు గీత కన్నా వెనక గీతే ఫొటోను ఎక్కువ పాడు చేస్తుంది. ఫిల్టర్ బిగించే అంచు సొట్టపోయి ఉందా, వెనక స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉన్నాయా చూడండి. చెక్కుకుపోయాయంటే ఎవరో విప్పారు. విప్పడం నేరం కాదు, నేనూ అదే పని చేసినవాణ్ణే. ఎందుకు విప్పారో అడిగితే జవాబు రావాలి, అంతే.

ఇప్పుడు లెన్స్‌ను డి750కి తగిలించండి. పుస్తకాల అర ఎదురుగా, దానికి సమాంతరంగా నిలబడి ఎఫ్ 1.8లో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. నాలుగూ సమానంగా కొంచెం మెత్తగా ఉంటే ఫరవాలేదు. మూడు బాగుండి ఒకటే అలికినట్టుంటే, ముందు మీరు సరిగ్గా సమాంతరంగా ఉన్నారో లేదో చూసుకుని మళ్లీ తీయండి. అదే మూల మళ్లీ చెడితే లోపలి అద్దం పక్కకు జరిగింది, బహుశా ఎప్పుడో కింద పడింది. ఇది మామూలుగా ఇంట్లో సరిచేసుకునే జబ్బు కాదు.

ఫోకస్ పరీక్షకు స్కేలు, చార్టు అక్కర్లేదు. ఒకే వస్తువును ఎఫ్ 1.8లో ఒకసారి వ్యూఫైండర్‌లో చూసి, ఒకసారి లైవ్ వ్యూ పెట్టి, అంటే వెనక తెర మీద చూసి, తీయండి. లైవ్ వ్యూలో కెమెరా సెన్సర్ మీద పడే బొమ్మనే చూసి ఫోకస్ చేస్తుంది కాబట్టి అది మీ కొలబద్ద. రెండూ ఒకేలా స్పష్టంగా ఉంటే అంతా బాగుంది. లైవ్ వ్యూలో బాగుండి, వ్యూఫైండర్‌తో తీసింది ప్రతిసారీ ఒకే వైపుకు తప్పుతుంటే లెన్స్‌ను తిట్టకండి. డి750 మెనూలో ఏఎఫ్ (ఆటోఫోకస్) ఫైన్ ట్యూన్ ఉంది, ప్లస్ 20 నుంచి మైనస్ 20 దాకా సవరించుకోవచ్చు. ఆయన కెమెరా మీద చక్కగా ఉన్న లెన్సే మీ కెమెరా మీద కొంచెం తప్పొచ్చు. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు పోతుంటే మాత్రం అది సవరణతో పోయేది కాదు. దగ్గరనుంచి దూరానికి, దూరంనుంచి దగ్గరకు చాలాసార్లు ఫోకస్ చేయించి చెవి పెట్టి వినండి. మోటారు సన్నగా సర్రుమనాలి. కీచుమంటోందంటే దాని ఆయుష్షు గురించి మాట్లాడుకోవాల్సి ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఎఫ్ 1.8లో రెండు మీటర్ల దూరంలో స్పష్టంగా ఉండే లోతు సుమారు ఆరు సెంటీమీటర్లే. ఆరు మీటర్ల దూరంలో అర మీటరు. పరీక్షిస్తున్నప్పుడు మీరు కొంచెం ముందుకు ఊగినా ఫోకస్ తప్పుతుంది. మోచేతులు బల్ల మీద ఆనించి తీయండి, లేకపోతే పాపం మంచి లెన్స్‌కు చెడ్డపేరు తెస్తారు.

ఇక మీ వైపు నుంచి. డి7200 షట్టర్‌ను, అంటే ఫొటో తీసిన ప్రతిసారీ తెరుచుకుని మూసుకునే తెరను, 1,50,000 సార్లకు పరీక్షించామని నికాన్ చెబుతుంది. మీది ఎన్నిసార్లు కొట్టిందో ఆయన తప్పకుండా అడుగుతారు. అడగకముందే చెప్పండి. కెమెరాలోంచి నేరుగా తీసిన జేపెగ్ ఫైల్‌ను, ఏ యాప్‌లోనూ దిద్దకుండా, ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే షట్టర్ కౌంట్ అని కనిపిస్తుంది. దిద్దిన ఫైళ్లలోనూ, వాట్సాప్‌లో పంపినవాటిలోనూ అది చెరిగిపోయి ఉండొచ్చు. ఆ 1,50,000 గడువు తేదీ కాదు. అది దాటినా ఏళ్లపాటు కొట్టే షట్టర్లున్నాయి, దానికి చాలా ముందే పోయేవీ ఉన్నాయి. పోతే షట్టర్ మార్చవచ్చు. కానీ లెక్క దాచారని తర్వాత తెలిస్తే మీ బావగారి ముందు మాట పడేది మీరే.

ఎఫ్ 16 పెట్టి ఆకాశాన్ని ఒక ఫొటో తీసి సెన్సర్ మీద మచ్చలున్నాయేమో మీరే చూసుకోండి. సెటప్ మెనూలో బ్యాటరీ ఇన్ఫో తెరిస్తే బ్యాటరీ వయసు 0 నుంచి 4 వరకు ఒక అంకెగా చూపిస్తుంది. 0 అంటే కొత్తది, 4 అంటే ఇక మార్చాల్సిందే. ఇక్కడ మీకో చిన్న ఆశ పుట్టొచ్చు. డి7200కీ డి750కీ బ్యాటరీ ఒకటే, ఈఎన్-ఈఎల్15. మంచిదాన్ని మీరుంచుకుని నీరసించినదాన్ని ఇచ్చేయొచ్చు, ఎవరికీ తెలియదు. వద్దు. ఏ బ్యాటరీ ఇస్తున్నారో ముందే చెప్పి, ఆ అంకె చూపించి ఇవ్వండి.

ఇచ్చేముందు కార్డులు తీయండి. డి7200కి రెండు స్లాట్లున్నాయి, చాలామంది రెండోదాన్ని మరిచిపోతారు. సెటప్ మెనూలో కాపీరైట్ సమాచారం దగ్గర మీ పేరుందేమో చూసి తుడిచేయండి. లేకపోతే ఆయన తీసే ప్రతి పిట్ట ఫొటో వెనకా మీ పేరే ఉంటుంది. ఇమేజ్ కామెంట్ అని ఇంకోటుంటుంది, అదీ చూడండి.

చివరగా ఒక కాగితం. రెండు వస్తువుల సీరియల్ నంబర్లు, తేదీ, ఇద్దరి సంతకాలు, "వారం లోపల ఎవరికైనా లోపం కనిపిస్తే ఎవరి వస్తువు వాళ్లకు" అన్న ఒక్క వాక్యం. పెట్టె ఉంటే పెట్టె మీది నంబరూ లెన్స్ మీది నంబరూ ఒకటేనా చూడండి. తెలిసినవాళ్ల మధ్య కాగితమేంటి అంటారేమో. తెలియనివాళ్లతో తేడా వస్తే డబ్బు పోతుంది, తెలిసినవాళ్లతో వస్తే రాకపోకలు పోతాయి. కాగితం ఎక్కడ ఎక్కువ అవసరమో మీరే చూడండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను సార్. నా పాత డి3100 బాడీ తీసుకుని ఒకతను ఏఎఫ్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 డి లెన్స్ ఇస్తానంటున్నాడు. లెన్స్ కొత్తదానిలా మెరుస్తోంది. నేను ఇప్పుడు వాడేది డి5600. ఓకే చేసేయనా?

జవాబు: ఆగు బాబూ. లెన్స్ మెరుపులో లోపమేమీ లేదు, పేరు చివరున్న ఆ "డి" అక్షరం దగ్గరే తిరకాసు. అందులో ఫోకస్ మోటారు లేదు. బాడీలోని మోటారు ఒక చిన్న స్క్రూ ద్వారా దాన్ని తిప్పాలి. లెన్స్ వెనక లోహపు రింగులో స్క్రూడ్రైవర్ పెట్టే గాడిలాంటిది కనిపిస్తుంది, చూడు. నీ డి5600లో ఆ మోటారు లేదు. కాబట్టి లెన్స్ తగులుతుంది, మీటరు పనిచేస్తుంది, ఫొటో వస్తుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. వ్యూఫైండర్ మూలలో ఫోకస్ కుదిరినప్పుడు చిన్న చుక్క వెలిగి కొంత సాయం చేస్తుంది. కదలని వస్తువులకు అది చాలు. పరుగెత్తే స్నేహితులకు చాలదు. ఇంకోటి, అపెర్చర్ రింగు 22 దగ్గర పెట్టి లాక్ చేయకపోతే కెమెరా ఎఫ్ఈఈ అని చూపించి బటనే నొక్కనివ్వదు. దాన్ని చూసి లెన్స్ పాడైందని గాభరాపడేవాళ్లున్నారు.

నువ్వు అడగాల్సింది ఏఎఫ్-ఎస్ (మోటారు లెన్స్‌లోనే ఉన్న రకం) అని రాసి ఉన్న 50 ఎఫ్ 1.8 జి. నన్నడిగితే అంతకన్నా ఏఎఫ్-ఎస్ 35 ఎఫ్ 1.8 జి, నీ కెమెరాలాంటి చిన్న సెన్సర్ల కోసం చేసిన డీఎక్స్ రకం. నీ బాడీ మీద 50 లెన్స్ 75 లాగా కనిపిస్తుంది, గదిలో వెనక్కి వెనక్కి పోయి గోడకు ఆనుకోవాలి. 35 అయితే 52 దగ్గర ఉంటుంది, రోజంతా కెమెరా మీద ఉంచుకోవచ్చు. అతని దగ్గర అది లేకపోతే డి3100 నీ దగ్గరే ఉండనీ.

ప్రశ్న: బాడీ ఇచ్చి 70-300 జూమ్ తీసుకున్నాను. ఇంటికొచ్చి టార్చి వేస్తే లోపల ఒక పక్కన ఫంగస్ దారాలు కనిపించాయి. ఇచ్చినాయన్ను అడిగితే "ఫొటోల్లో కనిపించదు కదండీ" అంటున్నారు. ఎండలో పెడితే పోతుందని ఎవరో అన్నారు. నిజమేనా?

జవాబు: ఆయన మాట సగం నిజం. ఫంగస్ అంచునే ఉండి, వెలుతురు మీ వెనకనుంచి వస్తుంటే ఫొటోలో మీరు దాన్ని పట్టుకోలేరు. సూర్యుణ్ణో, దీపాన్నో ఎదురుగా ఉంచుకుని తీసి చూడండి. నలుపు నలుపుగా లేకుండా బొమ్మంతా తెల్లగా వెలిసిపోయినట్టుంటే ఆ ఫొటో ఆయనకు పంపండి. మాటలకన్నా అది బాగా పనిచేస్తుంది. లెన్స్ వెనక్కిచ్చి బాడీ వెనక్కి తీసుకోవడం మొదటి కోరిక. కుదరకపోతే శుభ్రం చేయించే ఖర్చు ఆయన పెట్టుకోవడం రెండోది. అంతకన్నా తగ్గకండి.

ఎండలో పెట్టడం మాత్రం మానండి. ఎండకు దారాలు మాయం కావు, అద్దం మీద అవి చేసిన గాటు అసలే పోదు. పైగా మూత లేని లెన్స్ ఎండను ఒకచోట కేంద్రీకరించి కింద ఉన్న గుడ్డనో బల్లనో కాల్చేస్తుంది. శుభ్రం చేయించడం అద్దం స్థానాన్ని బట్టి ఉంటుంది. ముందు, వెనక అద్దాల మీదైతే తేలిక. మధ్యలో ఉంటే మొత్తం విప్పాలి, జూమ్‌ను విప్పితే తిరిగి సరిగ్గా కూర్చోబెట్టడానికి చెయ్యి తిరిగినవాడు కావాలి. రెండద్దాలు అతికిన చోట లోపల పుట్టిందంటే సాధారణంగా ఎవరూ ముట్టుకోరు. చాలాకాలం ఉండిపోతే ఫంగస్ కోటింగ్‌ను తినేస్తుంది. తుడిచాక కూడా మరక మిగలొచ్చని మెకానిక్ ముందే చెబితే అతన్ని నమ్మండి, "కొత్తదాన్లా చేసిస్తా" అన్నవాణ్ణి నమ్మకండి.

పక్కన పెడితే మిగతా లెన్సులకు అంటుకుంటుందా అని తర్వాతి ఉత్తరంలో ఎలాగూ అడుగుతారు, ఇప్పుడే చెప్పేస్తాను. ఆ బీజాలు గాలిలో అన్నిచోట్లా ఉంటాయి, మీ మిగతా లెన్సుల మీదికి ఈపాటికే చేరి ఉంటాయి. అవి మొలకెత్తేది తేమ వల్ల. మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు పెట్టి, లోపల 40 నుంచి 50 శాతం ఉండేలా చూసుకోండి. తోలు సంచిలో కట్టి అటక మీద పెడితే మాత్రం ఫంగస్‌కు అంతకన్నా మంచి ఇల్లు దొరకదు.

ప్రశ్న: రెండు కానన్ డీఎస్ఎల్ఆర్‌లు ఉన్నాయి, ఒకటి ఇచ్చి ఆర్ఎఫ్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 తీసుకుని రెండోదాని మీద వాడదామనుకుంటున్నాను. అడాప్టర్ ఏది కొనాలి?

జవాబు: ఏదీ కొనకండి, అలాంటిది పనిచేయదు. మీ డీఎస్ఎల్ఆర్‌లలో ఉండేది 1987 నాటి ఈఎఫ్ మౌంట్, అందులో లెన్స్ రింగు నుంచి సెన్సర్‌కు దూరం 44 ఎం.ఎం. మిర్రర్‌లెస్ కెమెరాల కోసం 2018లో వచ్చిన ఆర్ఎఫ్‌లో అది 20 మాత్రమే, ఎందుకంటే మధ్యలో బొమ్మను వ్యూఫైండర్‌కు మళ్లించే అద్దం లేదు. ఈఎఫ్ లెన్స్‌ను ఆర్ఎఫ్ బాడీకి తగిలించాలంటే మిగిలిన 24 ఎం.ఎం. నింపే గొట్టం పెడితే సరిపోతుంది. తిరగేసి చేయాలంటే లెన్స్‌ను మీ కెమెరా లోపలికి 24 ఎం.ఎం. దించాలి, అక్కడ అద్దం ఉంది. ఈఎఫ్ 50 ఎఫ్ 1.8 ఎస్‌టీఎం ఇస్తానన్నవాళ్లను వెతుక్కోండి. రేపు ఆర్ఎఫ్ బాడీ కొన్నా ఆ గొట్టంతో అదే లెన్స్ వాడుకుంటారు.